అప్‌డేట్ చేస్తే కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది? అయితే అప్‌డేట్లు ఆపేయాలా?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. "అన్నా, విండోస్ అప్‌డేట్ అయ్యాక ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదు. అసలు ఈ అప్‌డేట్లు ఆపేస్తే పోలా?" అని చాలామంది అడుగుతున్నారు. మన నంబులపూలకుంట, కదిరి వైపు ఇళ్ళలో ఫోన్లు నాలుగుంటాయి, కంప్యూటర్ మాత్రం ఒక్కటే. అది ఆగిపోతే కాలేజీ ప్రాజెక్ట్ ఆగుతుంది, ఉద్యోగం అప్లికేషన్ ఆగుతుంది. కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు.

ముందు అందరికీ గుర్తున్న సంఘటనతో మొదలుపెడదాం. 2024 జులై 19, శుక్రవారం. మన టైమ్ ప్రకారం పొద్దున పది కావస్తుండగా ప్రపంచమంతా కంప్యూటర్లు నీలం రంగు స్క్రీన్ చూపించి ఆగిపోయాయి. హైదరాబాద్ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు, ఆ ఫోటో మీ ఫోన్లో కూడా తిరిగే ఉంటుంది. ఇండిగో ఒక్కటే ఆ ఒక్క దెబ్బకి 200కు దగ్గరగా విమానాలు రద్దు చేసింది. మన దేశంలో బ్యాంకులకు పెద్ద దెబ్బ తగల్లేదు. పది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలకు మాత్రం చిన్నచిన్న ఇబ్బందులు వచ్చాయని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది.

అప్పుడు అందరూ "మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ వల్ల" అన్నారు. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల మనవాడే కదా, వాళ్ళ కుటుంబం అనంతపురం జిల్లా బుక్కాపురం నుంచి వచ్చింది, అందుకే మన దగ్గర ఆ పేరు ఇంకా ఎక్కువ వినబడింది. కానీ అది విండోస్ అప్‌డేట్ కాదండీ. క్రౌడ్‌స్ట్రైక్ అనే ఇంకో కంపెనీ ఉంది. పెద్ద పెద్ద ఆఫీసుల కంప్యూటర్లకు అది కాపలా సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక చిన్న ఫైల్ వల్ల ఇదంతా జరిగింది. మన ఇంటి ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు కాబట్టే ఆ రోజు మనవి బాగానే పనిచేశాయి.

మరి ఒక చిన్న ఫైల్ కంప్యూటర్ మొత్తాన్ని ఎలా పడగొట్టింది? ఇక్కడే అసలు విషయం ఉంది, కొంచెం జాగ్రత్తగా వినండి.

కంప్యూటర్ లోపల రెండు అంతస్తులు ఉంటాయి అనుకోండి. పై అంతస్తులో మనం వాడే యాప్‌లు, బ్రౌజర్, గేములు. కింద కెర్నెల్ అని ఉంటుంది. మెమరీ, డిస్క్, కీబోర్డ్ అన్నీ దాని చేతిలోనే. అటక మీద డబ్బా కింద పడితే డబ్బా ఒక్కటే పోతుంది. అదే ఇంటి దూలం విరిగితే? ఇల్లే కూలుతుంది. యాప్ క్రాష్ అయితే మూసి మళ్ళీ తెరుస్తాం. కెర్నెల్‌లో తప్పు జరిగితే విండోస్ "ఇంకా ముందుకు పోతే డేటా పాడవుతుంది" అని తనంతట తానే ఆగిపోతుంది. ఆ నీలం స్క్రీన్ అదే.

క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్ ఆ కెర్నెల్‌లోనే కూర్చుని పనిచేస్తుంది. వైరస్‌ను పట్టుకోవాలంటే అంత లోపల ఉండాలి అనేది వాళ్ళ లెక్క. ఆ రోజు వచ్చిన ఫైల్ 21 విలువలు ఉంటాయని చెప్పింది. ప్రోగ్రామ్ దగ్గర ఉన్నవి 20 మాత్రమే. లేని 21వ దాన్ని చదవబోయి తనది కాని మెమరీలోకి పోయింది. అంతే. గంటా ఇరవై నిమిషాల్లోనే ఆ ఫైల్‌ను వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా. ప్రపంచంలోని మొత్తం విండోస్ కంప్యూటర్లలో అది ఒక్క శాతం కూడా కాదు.

మరి సరిచేసిన ఫైల్ పంపితే పోయేది కదా? చాలావాటికి అది కుదరలేదు. ఇంటర్నెట్ అందుకునేలోపే కంప్యూటర్ మళ్ళీ క్రాష్ అవుతోంది. ఎక్కువ చోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరికి మనిషే పోయి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైల్ చేత్తో తీసేయాల్సి వచ్చింది.

సరే, అది బయటి కంపెనీ తప్పు. విండోస్ సొంత అప్‌డేట్‌తో ఇబ్బంది రాలేదా? వచ్చింది. 2018 అక్టోబర్ 2న వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫోటోలు చెరిపేసింది. నాలుగు రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబర్ 13న మళ్ళీ ఇచ్చింది. ఫైళ్ళు పోయాయని చెప్పినవాళ్ళు పది వేలలో ఒకరే అని వాళ్ళ లెక్క. కానీ ఆ ఒక్కరు మనమే అయితే?

మామూలుగా మన కంప్యూటర్లు అప్‌డేట్‌తో ఆగిపోవడానికి కారణాలు ఎక్కువగా మూడు. ఒకటి, డ్రైవర్. పాత గ్రాఫిక్స్ కార్డ్‌కో, వైఫైకో ఉన్న డ్రైవర్ కొత్త విండోస్‌తో సరిపడకపోవడం. రెండు, డిస్క్‌లో ఖాళీ లేకపోవడం. మూడు, మధ్యలో కరెంటు పోవడం. మన ఎన్.పి.కుంటలో అంత పెద్ద సోలార్ పార్క్ ఉన్నా, గాలీవానా వస్తే ఇంట్లో కరెంటు పోక తప్పదు. సిస్టమ్ ఫైళ్ళు సగం మారి సగం మారకుండా ఉన్నప్పుడు ఆగితే, అది పాతదీ కాదు కొత్తదీ కాదు.

అయితే అప్‌డేట్లు ఆపేద్దామా? ఆగండి, ఇంకో కథ ఉంది. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చింది. చాలామంది వేసుకోలేదు. రెండు నెలలకు, మే నెలలో, సరిగ్గా ఆ కన్నం నుంచే వన్నాక్రై అనే వైరస్ దూరింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బులు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, ఇలా చాలా జిల్లాల్లో. చెడ్డ అప్‌డేట్ వల్ల పోయేది ఎక్కువసార్లు ఒక రోజు పని. అప్‌డేట్ వేయకపోతే ఏళ్ళ తరబడి దాచుకున్నవన్నీ పోవచ్చు. నన్నడిగితే ఆపొద్దు, టైమ్ చూసుకుని వేసుకోండి.

ఎలాగంటే, మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం ఇస్తుంది. మనకు అది రాత్రి పది దాటాక వస్తుంది. ఆ వారంలో పరీక్షో, ఇంటర్వ్యూనో ఉంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కు పోయి ఒక వారం పాజ్ పెట్టండి. తర్వాత తప్పకుండా వేయండి. వేసేటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండా ఉండాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉంటే మంచిది, లేకపోతే మబ్బు పట్టిన రోజు వద్దు. ముఖ్యమైన ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోనో, క్లౌడ్‌లోనో ఇంకో కాపీ ఉండాలి.

అప్పటికీ ఆగిపోయిందా? కంగారు పడి ఫార్మాట్ చేయించొద్దు. రెండు మూడు సార్లు సరిగ్గా ఆన్ కాకపోతే విండోస్ తనే రిపేర్ స్క్రీన్ చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. చివరగా వేసిన అప్‌డేట్ తీసేస్తే చాలాసార్లు కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. బిట్‌లాకర్ కీ అడిగితే అది 48 అంకెలు ఉంటుంది, మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ఫోన్ నుంచి ఇవాళే లాగిన్ అయి ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. కంప్యూటర్ పోయాక పాస్‌వర్డ్ వెతుక్కునే పని ఉండదు.

విండోస్ 10 వాడేవాళ్ళకు ఒక మాట. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది. అప్‌డేట్ గోల తప్పిందని సంతోషపడకండి, కన్నాలు పూడ్చేవాళ్ళు లేరని అర్థం. కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతే మారండి, లేకపోతే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకోండి.

మరి ఫోన్ ఇలా ఎందుకు ఆగదు అంటారా? ఇప్పుడు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సిస్టమ్‌కు రెండు అరలు ఉంటాయి. మీరు ఒకదాంట్లో వాడుతుంటే అప్‌డేట్ రెండోదాంట్లో వేస్తుంది. కొత్తది లేవకపోతే పాతదానికి తిరిగొస్తుంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ పద్ధతి ఉంది.

మీ ల్యాప్‌టాప్ ఏ దశలో ఆగింది, స్క్రీన్ మీద ఏ కోడ్ కనబడింది, కామెంట్‌లో రాయండి. "ఆన్ కావట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఏం చెప్పలేరు, ఆ కోడ్ ఉంటే చెప్పొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.