ఎడారి చలికి పొరలు పొరలుగా బట్టలు

చలికి వేసుకోవలసిన బట్టలను గురించి కువైట్ నుంచి వ్రాస్తున్నానంటే మీలో కొందరు నవ్వవచ్చును. 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైన మిత్రిబా ఈ దేశంలోనిదే. మారిషస్ నుంచి ఉపాధ్యాయుడిగా వచ్చిన మొదటి సంవత్సరం నేనూ నవ్వాను. క్యూర్‌పీప్ చలిని ఎరిగినవాణ్ణి, ఇసుకలో చలేమిటి అనుకొన్నాను.

జనవరిలో ఇక్కడ పగలు 19, 20 డిగ్రీలు ఉంటుంది. తెల్లవారుజామున నగరంలో 8కి దిగుతుంది. ఎడారిలో కొన్ని రాత్రులు సున్నా దాకా పోతుంది. గాలిలో తేమ తక్కువ, మేఘాలు అరుదు. పగలు ఇసుక పుచ్చుకొన్న వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది. దానికి తోడు వాయవ్యం నుంచి షమాల్ గాలి. అయినా కువైట్ వారికి ఇదే డేరాల కాలం. నవంబరు నుంచి మార్చి వరకు కుటుంబాలతో ఎడారిలో విడిది చేస్తారు.

ఒక శుక్రవారం తోటి ఉపాధ్యాయులతో జహ్రా దాటి ముత్లా గట్టు ఎక్కడానికి పోయాను. లోపల దళసరి నూలు బనియను, నూలు చొక్కా, పైన ప్లాస్టిక్ వానకోటు. ఎక్కుతున్నంతసేపూ వెచ్చగానే ఉన్నది. పైకి చేరేసరికి బనియను పిండితే నీళ్లు కారేటట్లున్నది. కూర్చొని టీ త్రాగుతూండగా గాలి లేచింది. పది నిమిషాలలో పళ్లు టకటక కొట్టుకొన్నాయి, కప్పు చేత నిలువలేదు. మా డేరాకు కాపలా ఉన్నతను రాయచోటి వైపువాడు. క్రిందికి దిగి వచ్చిన నన్ను చూచి, "చెమట పట్టకముందే కోటు తీసేయాల సారూ. పట్టినాక ఏం లాభం?" అన్నాడు. పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి నేను!

గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1 కేలరీ చాలు. అదే గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు కావాలి, అవి మన ఒంటినుంచే పోతాయి. పైగా నీరు గాలికంటె సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని తనగుండా పోనిస్తుంది. తడిసిన నూలు ఒంటికి అంటుకొని ఒక పట్టాన ఆరదు. ఎండాకాలంలో హాయినిచ్చే గుణమే చలిలో మన మీద పగబడుతుంది.

అందుచేత ఒంటికి తగిలే మొదటి పొర నూలు కారాదు. పలుచని ఉన్ని గాని, ఆటగాళ్లు వేసుకొనే పాలియెస్టర్ బనియను గాని ఉండాలి. పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను దాచుకొని కూడా తడిగా తోచదు. రెండవ పొర స్వెటరు. వెచ్చదనమంతా దారాల సందున నిలిచిన గాలిదే గనుక, ఒక లావుపాటి కోటుకంటె రెండు పలుచని స్వెటర్లు మేలు. నడిచేటప్పుడు ఒకటి తీయవచ్చు, ఆగగానే తొడుక్కోవచ్చు. మూడవది గాలిని ఆపి ఆవిరిని పోనిచ్చే పైపొర. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని సాగదీసి ఇటువంటి పొరను కనిపెట్టాడు. గోర్‌టెక్స్ దానినుంచే వచ్చింది. ఖరీదైన సరుకు. వాన అరుదైన ఈ ఎడారిలో దానికి డబ్బు పోయడం దండుగ అని నా అభిప్రాయం. ఒత్తుగా నేసిన విండ్‌చీటరు చాలు. నా వానకోటు వంటిది మాత్రం వద్దు.

తెలుగు తరగతిలో "గొంగడి" అనే మాట వచ్చినప్పుడు మా గురువుగారు పలకమీద బొమ్మ గీసి చూపారు. నేను అసలు గొంగడిని చూచినవాణ్ణి కాను. ఇక్కడ గొర్రెల కాపరి భుజాలమీద ఫర్వాను చూడగానే ఆ బొమ్మ గుర్తుకు వచ్చింది. ఫర్వా అంటే లోపల గొర్రెబొచ్చు ఉన్న పొడుగాటి అంగీ. మంట దగ్గర కూర్చొనేవారికి రాజభోగం. వేసుకొని గట్టు ఎక్కితే మళ్లీ చెమటే.

ఆనాటి రాత్రి మా కాపలాదారు తన డేరా మూసి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోబోతున్నాడు. ఈసారి చెప్పడం నా వంతయింది. ఆ బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కువైట్ ఎడారిలో అలా పోయినవారున్నారు. కుంపటి బయటనే ఉండాలి. పడుకొనేముందు చెమట బనియను మార్చి పొడిది వేసుకోవాలి, తలకు గుత్రా చుట్టుకోవాలి. అతను విని, "చలికి తాళలేకనే గదా సారూ" అన్నాడు. అతని ఒంటిమీద రెండు నూలు చొక్కాలు తప్ప మరేమీ లేవు.

మరుసటి వారం నా వానకోటు తీసుకుపోయి ఇవ్వబోయాను. "ఇది వద్దు సారూ, స్వెటరుంటే ఇయ్యండి" అన్నాడు. రెండు ఇచ్చాను.