తాళం చెవి ఎవరి దగ్గరుంది?

బడికి ప్యానెల్ వచ్చింది, ట్యాబ్ వచ్చింది, చాలాచోట్ల నెట్టూ వచ్చింది. అవి పిల్లల చేతికి అందుతాయా, బీరువాలో నిద్రపోతాయా అన్నది మాత్రం హెడ్మాస్టరు గదిలో తేలుతుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా హైస్కూలుకు కంప్యూటర్లు దిగాయి. ఆటోలోంచి అట్టపెట్టెలు దించుతుంటే బడి బడంతా వరండాలోకి వచ్చేసింది. మూలగదికి సున్నం కొట్టించారు, కిటికీలకు తెరలు కట్టారు, గుమ్మం పక్కన ‘చెప్పులు బయట విడువవలెను’ అని రాయించారు. మొదటిరోజు గుళ్లోకి వెళ్లినట్టే వెళ్లాం. సారు మౌస్ కదిపారు, తెరమీద బాణం గుర్తు కదిలింది, మేం చేతులు కట్టుకుని చూశాం. ఆ ఏడాది మొత్తం మీద నా వేలు కీబోర్డుకు తగిలింది రెండుసార్లు. ఆ తర్వాత గదికి తాళం పడింది. మళ్లీ తెరిచింది మా పదో తరగతి వీడ్కోలు సభ రోజున, కుర్చీలు తక్కువ పడితే తెచ్చుకోవడానికి.

మా హెడ్మాస్టరు గారు చెడ్డవారేం కాదు. లెక్కలు ప్రాణం పెట్టి చెప్పేవారు. ఆయన భయం ఆయనది. కంప్యూటరు అంటే స్టాకు రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు. బదిలీ అయి చార్జి అప్పగించే రోజున రిజిస్టరులో ఎన్ని ఉంటే గదిలో అన్నీ లెక్కకు రావాలి. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషికి పెన్షను ఫైలు ముందు ఏడో తరగతి పిల్లల వేళ్లు ప్రమాదకరంగానే కనిపిస్తాయి. పిల్లలు వాడి పాడుచేస్తే రికవరీ అంటారేమోనని బెంగ. ఎవరూ వాడక, దుమ్ముపట్టి పాడైతే అడిగే నాథుడు లేడు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మన బళ్లలో సాంకేతికత కథ సగం అర్థమైనట్టే.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5 వేల హైస్కూళ్లలో కంప్యూటర్ చదువు మొదలుపెట్టారు. ప్రైవేటు ఏజెన్సీలు ల్యాబు ఏర్పాటు చేసి, కంప్యూటర్ టీచర్లను పెట్టి, ఐదేళ్లు నడిపి ఆపైన బడికి అప్పగించాలన్నది ఒప్పందం. 2013లో గడువు తీరింది. చాలీచాలని జీతంతో పనిచేసిన ఆ టీచర్లు రోడ్డున పడ్డారు, యంత్రాలు బడికి మిగిలాయి. వాటిని ఎవరు నడపాలన్న సంగతి ఐదేళ్లలో ఏ హెడ్మాస్టరుకూ ఎవరూ నేర్పలేదు. ల్యాబు ఏజెన్సీది, పాఠం బడిది అన్నట్టు రెండు కాపురాలు నడిచాయి మరి.

ఇప్పుడు పరికరాల స్థాయి మారింది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద హైస్కూలు తరగతి గదుల్లోకి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రాథమిక పాఠశాలల్లోకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 డిసెంబరు 21న మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ల టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. తెలంగాణలోనూ హైస్కూళ్లకు డిజిటల్ ప్యానెళ్లు చేరాయి. ట్యాబుల్లో పాఠాలు నింపిన బైజూస్ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీలు వస్తుంటాయి, పోతుంటాయి. గోడకు బిగించిన ప్యానెల్ మాత్రం అక్కడే ఉంటుంది. దాని ఎదురుగా పిల్లలూ ఉంటారు.

ఫొటోలు తీసే పెద్దసారు

ఉదయం తొమ్మిదింటికి ఏ ప్రభుత్వ బడికైనా వెళ్లి చూడండి. అందరికంటే ఎక్కువగా సాంకేతికతను వాడుతున్న మనిషి హెడ్మాస్టరే. సెల్‌ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. పిల్లల హాజరు పడిందో లేదో చూసుకోవాలి. మధ్యాహ్న భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని మిగిలాయి, అన్నీ ఎక్కించాలి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫొటో తీసి పంపాల్సిన రోజులూ చూశాం. ‘సర్వర్ డౌన్’ అన్న మాట వచ్చాక, వాట్సాప్ గ్రూపులో మండలాఫీసు నుంచి ‘పెండింగ్ లిస్టు’ వస్తుంది. ఆ జాబితాలో తన బడి పేరు లేకుండా చూసుకోవడంతోనే మొదటి రెండు పీరియడ్లు గడిచిపోతాయి.

ఇందులో చదువుకు సంబంధించింది ఎంత? సమాచారం మటుకు రోజూ ఠంచనుగా బడి నుంచి పైకి పోతోంది. పై నుంచి తరగతి గదికి చేరాల్సింది మధ్యలో ఆగిపోతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో రకరకాల యాప్‌ల బెడద తగ్గించడానికి ‘లీప్’ పేరుతో ఒకే యాప్ తెచ్చింది. మంచిపనే. కానీ అడిగే వివరాలు తగ్గకపోతే యాప్‌లు తగ్గి ఏం లాభం?

కాగితం మీద పని పూర్తయితే చదువు వచ్చేసినట్టే అనుకునే జబ్బు మనకే పరిమితం అనుకోకండి. మధ్యప్రదేశ్‌లో ‘శాలా సిద్ధి’ పేరుతో ప్రతి బడినీ మదింపు చేసి, హెడ్మాస్టర్ల చేత అభివృద్ధి ప్రణాళికలు రాయించారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించారు. మదింపులు జరిగాయి, ప్రణాళికలు రాశారు, అప్‌లోడూ చేశారు. తరగతి గదిలో బోధన మాత్రం మారలేదు, పిల్లల మార్కులూ పెరగలేదు.

ఈ ఇద్దరే మరో సహచరుడితో కలిసి ఢిల్లీలో ఇంకో అధ్యయనం చేశారు. మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేరుతో బడి అయ్యాక నడిచిన కేంద్రాలవి. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని ముందు తేలింది. సాఫ్ట్‌వేరు ఒక్కో బిడ్డకూ వాడున్న మెట్టు దగ్గర్నుంచే లెక్క ఇచ్చింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అందరూ సాఫ్ట్‌వేరును మెచ్చుకున్నారు. నన్నడిగితే అక్కడ చూడాల్సింది ఇంకోటుంది. తెర ముందు 45 నిమిషాలు, ఆ తర్వాత పన్నెండు పదిహేను మంది పిల్లల గుంపుతో ఒక మనిషి కూర్చుని మరో 45 నిమిషాలు. వేళ ఖాయం, మనిషి ఖాయం. పెరూ దేశంలో 319 బళ్లలో పిల్లలకు తలా ఒక లాప్‌టాప్ లెక్కన పథకాన్ని పరీక్షించి చూశారు. పదిహేను నెలల తర్వాత లెక్కల్లో, భాషలో తేడా కనపడలేదు. యంత్రం అందింది. దాంతో ఏ పూట ఏం చెయ్యాలో ఎవరూ ఖాయం చెయ్యలేదు.

టైమ్‌టేబుల్లో ఒక గడి

ఆ ఖాయం చేసే పని హెడ్మాస్టరుది. ఇందుకు కోడింగ్ రానక్కర్లేదు. ఆఫీసు గోడకు అంటించిన టైమ్‌టేబుల్ చాలు. ప్యానెల్ ఉన్న గదిని పదో తరగతికి రాసిచ్చేసి, ఆరో తరగతి వాళ్లను వేపచెట్టు కింద కూర్చోబెడితే ఆ ప్యానెల్ పబ్లిక్ పరీక్షల సొత్తు అయిపోతుంది. ఆరు, ఏడు తరగతులకు వారానికి రెండేసి పీరియడ్లు ఆ గదిలో పడేలా గడులు మారిస్తే, అదే ప్యానెల్ బడి మొత్తానిదవుతుంది. 45 నిమిషాల పీరియడ్‌లో పిల్లలు వచ్చి సర్దుకునేసరికి ఐదు నిమిషాలు, ప్యానెల్ తెరుచుకుని పాఠం వెతికి పట్టుకునేసరికి పది నిమిషాలు. మిగిలింది అరగంట. పాఠాన్ని పొద్దున్నే దింపి ఉంచుకునే అలవాటు స్టాఫ్ మీటింగులో రెండుసార్లు గట్టిగా చెబితే వస్తుంది.

ఇక టీచర్ల బిడియం. ముప్పై ఏళ్లుగా సుద్దముక్కతో జామెట్రీ అద్భుతంగా గీసే మాస్టారు పిల్లల ముందు తప్పు ఐకాన్ నొక్కి, ఎవడో వెనక బెంచీలో కిసుక్కుమంటే, ఆ ప్యానెల్ జోలికి మళ్లీ వెళ్లరు. ‘నాకు బోర్డే హాయి సార్’ అంటారు. పెద్దసారు నోటీసు ఇస్తే ఆయన ప్యానెల్ ఆన్‌చేసి, దాని పక్కన బోర్డు మీదే పాఠం చెబుతారు. రికార్డు ప్రకారం డిజిటల్ తరగతి జరిగినట్టే! మాట తెలిసిన హెడ్మాస్టరైతే బడి వదిలాక తలుపు దగ్గరికేసి, కొత్తగా చేరిన చిన్న టీచరును పక్కన కూర్చోబెట్టి, ‘నాకూ రాదు, ఇద్దరం నేర్చుకుందాం మాస్టారూ’ అంటారు. ఈ పనికి సర్క్యులర్ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు.

మన పొరుగునే కేరళ ఉంది. అక్కడ బయటి ఏజెన్సీకి ల్యాబు అప్పగించకుండా, హైస్కూలు టీచర్లలోనే ఒకరిని ఐటీ కోఆర్డినేటరుగా తయారుచేశారు. 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టారు. చిన్నచిన్న మరమ్మతులు, పరికరాల సంరక్షణ ఆ పిల్లలే చూసుకుంటారు. మనం పిల్లల చేతికిస్తే పాడైపోతాయని భయపడ్డ వస్తువుల్ని వాళ్లు పిల్లల చేతికిచ్చే కాపాడుకున్నారు.

హెడ్మాస్టరు చేతిలో ఇంకోటి కూడా ఉంది, అదీ ఖర్చులేనిది. 2017 సెప్టెంబరు 5న మొదలైన ‘దీక్ష’ వేదికకు మన పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు దారి చూపిస్తాయి. ఇంట్లో ఫోనుంటే చాలు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసిన అసర్-2024 సర్వే ప్రకారం 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. క్యూఆర్ కోడ్ ఎలా స్కాన్ చెయ్యాలో ప్రార్థన సమయంలో ఐదు నిమిషాలు చూపించి, మర్నాడు ‘ఎవరు చూశారు? ఏం అర్థమైంది?’ అని అడిగే పెద్దసారు ఉన్న బడికీ, లేని బడికీ తేడా ఉంటుంది. అబ్బాయిలకున్నంతగా అమ్మాయిల చేతికి సొంత ఫోను రాదు కాబట్టి బళ్లో కీబోర్డు ముందు ఎవర్ని కూర్చోబెడుతున్నారో కూడా ఆయన ఓ కన్నేసి ఉంచాలి.

ఐదేళ్ల కాపురం

అన్నీ హెడ్మాస్టరు నెత్తినే వేస్తున్నారని మీకు అనిపించవచ్చు. నిజమే, పాపం ఆయన పరిస్థితీ చూడాలి. 250 దాటి వెయ్యి లోపు పిల్లలున్న హైస్కూలుకు సమగ్ర శిక్ష కింద ఏడాదికి ఇచ్చే గ్రాంటు 75 వేలు. సుద్దముక్కల నుంచి కుళాయి మరమ్మతు దాకా అందులోనే. కరెంటు హెచ్చుతగ్గులకు ప్యానెల్ మాడిపోతే బాగుచేయించడం ఆ డబ్బుతో అయ్యేపనేనా? ఎన్నోచోట్ల హెడ్మాస్టరే ఇన్‌చార్జి ఎంఈవో కూడా. ఒక కాలు బళ్లో, ఒక కాలు మండలాఫీసులో. ఇంకొన్నిచోట్ల సీనియర్ స్కూల్ అసిస్టెంటే ఇన్‌చార్జి హెచ్ఎం. ఆంధ్రప్రదేశ్‌లో హెడ్మాస్టరు ఒకే బడిలో ఐదేళ్లకు మించి ఉండటానికి లేదు. ఒకరు పట్టుబట్టి నిలబెట్టిన అలవాటును తర్వాత వచ్చినవారు నిలబెడతారన్న పూచీ లేదు.

2020 జాతీయ విద్యావిధానం ప్రధానోపాధ్యాయులకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని చెప్పింది. శిక్షణ పేరిట వీడియోలు నడిపి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడం చూస్తూనే ఉన్నాం. నేను అడిగేది అంతకంటే చిన్నది. తరగతి గదిలో పిల్లలు వాడుతుండగా పాడైన పరికరానికి హెడ్మాస్టరు నుంచి పైసా వసూలు చెయ్యబోమని రెండు ప్రభుత్వాలూ ఒక్క జీవో స్పష్టంగా ఇవ్వాలి. పొద్దుటి రెండు పీరియడ్లలో ఆయన్ను ఏ సమాచారమూ అడగకూడదు. ఈ రెండూ జరిగాక కూడా గదికి తాళం ఉంటే, అప్పుడు ఆయన్నే నిలదీద్దాం.

అప్పటిదాకా ఆగలేని తల్లిదండ్రులకు ఒక మాట. ఆంధ్రలో మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ అనీ, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అనీ బడి గడప తొక్కే సందర్భాలు ఇప్పుడు మీకున్నాయి. ఈసారి వెళ్లినప్పుడు మార్కుల కాగితం చూసి వచ్చేయకండి. ప్యానెల్ ఉన్న గది తెరిపించమని అడగండి. స్విచ్ వెయ్యమని సారును అడక్కండి, మీ అమ్మాయిని వెయ్యమనండి. ఆ పిల్ల తడుముకోకుండా వేసిందంటే, ఆ బడి హెడ్మాస్టరు గారికి ఓ దండం పెట్టి రండి.