బడి కబురు, ఇంటి మౌనము: గొల్లపల్లి ప్రాంతమున కొన్ని అపోహలు, వాస్తవములు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు దక్షిణపు కొసను, సుక్మా జిల్లా కుంట తాలూకాలో, తెలంగాణ సరిహద్దునకు చేరువనున్న గొల్లపల్లి పేరు వినినంతనే అది అచ్చమైన తెలుగు పల్లె యని తోచును. కాని ఆ ప్రాంతపు ఇండ్లలో దొర్లీయు, గోండియు, తెలుగును కలగలసి వినవచ్చుచుండగా, కొలువునకై ఉత్తరమునుండి వచ్చిన ఉద్యోగులు హిందీయో ఛత్తీస్‌గఢీయో మాటలాడుచుండగా, పిల్లల చేతిలోని పాఠ్యపుస్తకము ప్రధానముగా నాగరిలిపిలో నుండును. ఇట్టి చోట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకును ఇంటికిని నడుమ వర్తమానము ఎట్లు సాగవలెనను విషయమున పట్టణవాసులకే కాదు, ఊరి పెద్దలకును కొన్ని అపోహలు పాతుకొని యున్నవి. వానిలో పెక్కింటికి మూలమొక్కటే: తల్లిదండ్రుల మౌనమును నిర్లక్ష్యముగా లెక్కగట్టుట.

అపోహ: చదువురాని తల్లిదండ్రులకు బడి సంగతులు పట్టవు, చెప్పినను తెలియవు.

వేసవి ముఖమున తునికాకు కోసి, ఏబదేసి ఆకులు కట్టగా కట్టి, ఆ కట్టలను కల్లములో వందల లెక్కన ఒప్పగించి, ఒక్క కట్ట తగ్గినను గుమాస్తాతో వాదమునకు దిగు తల్లికి, తన బిడ్డ నెలలో ఎన్ని దినములు బడికి పోయినదో చెప్పిన తెలియకుండునా? తెలియును, చెప్పువారే కరవు. 2009 నాటి విద్యాహక్కు చట్టము, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది, తన 24వ సెక్షనున ఉపాధ్యాయుని విధులను లెక్కించుచు, తల్లిదండ్రులతో క్రమముగా సమావేశములు జరిపి, బిడ్డ హాజరును, నేర్చుకొను శక్తిని, నేర్చిన మేరను, తత్సంబంధమైన ఇతర విషయములను వారికి తెలుపవలెనని స్పష్టముగా పేర్కొన్నది. ఆ వాక్యమున కాగితము ప్రసక్తి లేదు, సంతకము ప్రసక్తియు లేదు. తెలుపుట విధి, వినువాడు అక్షరాస్యుడై యుండవలెనను నియమము చట్టమున ఎచ్చటను కానరాదు.

ఇందు "క్రమముగా" అను మాట కొంత ఆగి చూడదగినది. బడి నుండి కబురు వచ్చినదనిన మన పల్లెలలో మొదట కలుగునది భయము. "ఏం తప్పు చేసిండో" యని తండ్రి, "జరమొచ్చిందేమో" యని తల్లి కంగారుపడుదురు. కీడు కలిగినప్పుడు మాత్రమే నోరు తెరచు బడిని ఎవరు నమ్ముదురు? బిడ్డ కూడిక నేర్చినదనియో, నలుగురిలో పాట పాడినదనియో నెలకొకమారు వర్తమానము పంపినచో, చెడు కబురు చెప్పవలసిన నాడు వినిపించుకొను చెవి యొకటి ఏర్పడి యుండును.

అపోహ: దొర్లీ యనునది వంకర తెలుగు, కావున తెలుగో హిందీయో మాటలాడిన చాలును.

ఈ అపోహ తెలుగువారిదే యని ఒప్పుకొనక తప్పదు. ఓరుగల్లు కాకతీయుల సంతతివారమని చెప్పుకొనిన రాజులు బస్తరు నేలిరన్న అభిమానముతో మనవారు ఆ సీమను పెరటిగా భావించుట కలదు. కాని దొర్లీ గోండి-కోయ వర్గమునకు చెందిన మాట. గోండియు తెలుగును దక్షిణ-మధ్య ద్రావిడ శాఖలోని సోదర భాషలేగాని యొకటి రెండవదాని వికృతి గాదు. తెలుగు ప్రభావము మెండుగా నున్నంత మాత్రమున, దొర్లీ తల్లికి తెలుగు ఉపన్యాసము బోధపడునని తలచుట పొరపాటు. సంతలో బేరమాడుటకు చాలిన తెలుగు, బిడ్డ చదువును గూర్చి ప్రశ్నించుటకు చాలదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నింపవలెననుచున్నది. విద్యాహక్కు చట్టపు 29వ సెక్షను సాధ్యమైనంతవరకు మాతృభాషయే బోధనామాధ్యమముగా నుండవలెననుచున్నది. బిడ్డకే ఇంత చెప్పిన మీదట, తల్లితో మాటలాడునప్పుడు మాత్రము ఆమె భాష అక్కరలేదనుట విడ్డూరము. మావోయిస్టు సంఘర్షణ కాలమున మూతపడిన బడులు పెక్కింటిని తిరిగి తెరచినపుడు స్థానిక యువకులను శిక్షాదూతలుగా, అనగా బోధించువారిగా, నియమించిరి. వారి విలువ పలకమీది అక్షరములలో నెంత కలదో, ఇంటి అరుగుమీద ఇంటి మాటలో బిడ్డ సంగతి చెప్పుటయందును అంత కలదు.

అపోహ: బడి కమిటీ యనగా సర్పంచియు, ప్రధానోపాధ్యాయుడును.

విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. వెనుకబడిన వర్గముల పిల్లల తల్లిదండ్రులకు తగిన పాలుండవలెను. బడి పనితీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళిక రచించుట, వచ్చిన నిధుల వ్యయమును పరిశీలించుట వీరి పనులు. మధ్యాహ్న భోజనమునే చూడుడు: ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల ధాన్యము, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందవలెను. ఈ లెక్క గోడమీద నాగరిలిపిలో వ్రాసిన మాత్రమున తెలిపినట్లు కాదు. గిన్నె మూత తీసి చూపి, "ఇంత అన్నము, ఇంత పప్పు" అని చెప్పిన అది సమాచారమగును. వడ్డనకు ముందు పెద్దలు రుచి చూడవలెనన్న నియమము గలదు గాన, ఆ వంతు తల్లులకిచ్చిన చాలును. వేరొక సభ జరుపనక్కరలేదు.

అపోహ: ఏడాది కొక మహాసభయు, చరవాణిలో వాట్సాప్ గ్రూపును ఉన్న పని తీరును.

ఛత్తీస్‌గఢ్‌లో 2024 ఆగస్టు 6న, ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడు డిసెంబరు 7న రాష్ట్రమంతట తల్లిదండ్రుల సమావేశములు జరిగినవి, మంచిదే. కాని మార్చి, ఏప్రిల్ నెలల వేకువన ఇప్పపూవు రాలు వేళ ఎవరిని పిలిచినను రారు. చరవాణి తండ్రి జేబులో పొలము పోవును. సంత దినము సాయంకాలమున బడి గుమ్మము తెరచియుంచుట వీనికన్న మేలని నా తలంపు.

అపోహ: కూలికై వలస పోయిన ఇంటి బిడ్డ పేరు కొట్టివేయుదురు, బదిలీ పత్రము లేనిదే వేరొక బడి చేర్చుకొనదు.

ఇది అన్నిటికంటె హానికరమైనది. 2005 తరువాత, మావోయిస్టులకు ఎదురుగా నడచిన సల్వా జుడుం నాటి అలజడిలో బడులు పాడుపడగా, వేలకొలది కుటుంబములు గోదావరి సీమకు తరలిపోయినవి. పిల్లలు కొందరు దూరమున వెదురుతో కట్టిన పోర్టా కేబిన్ వసతి బడులకు పోయిరి. నేటికిని మిరప కోతల కాలమున తెలంగాణ చేలకు ఇల్లిల్లు కదలును. బదిలీ పత్రము ఆలస్యమైనదని చేర్చుకొనుటకు నిరాకరింపరాదని విద్యాహక్కు చట్టపు 5వ సెక్షను, వయోనిర్ణయ పత్రము లేదని త్రిప్పిపంపరాదని 14వ సెక్షను చెప్పుచున్నవి. మధ్యలో చదువు మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, తోడివారిని అందుకొనుటకు ప్రత్యేక శిక్షణ నీయవలెను. అట్లు చేరిన బిడ్డకు పదునాలుగేండ్లు దాటినను, ఎనిమిదవ తరగతి ముగియువరకు చదువు ఉచితమే. ఈ సంగతి మిరప చేలనుండి మరలివచ్చిన పిమ్మట గాక, మూటలు కట్టుకొనక ముందే ఇంటింటికి చెప్పవలెను.