గాలపు దారం

ఇంద్రియాలకు లోబడి చెడిన ప్రాణులను లెక్కించేటప్పుడు మన పెద్దలు ఐదింటిని పేర్కొంటారు. నాదానికి లేడి, స్పర్శకు ఏనుగు, రూపానికి మిడుత, గంధానికి తుమ్మెద, రుచికి చేప. ఈ వరుసలో చేపకు చోటు కల్పించినది గాలం. సంస్కృతంలో బడిశమన్నా, తెలుగులో గాలమన్నా, గేలమన్నా ఆ కొక్కేన్నీ, దానికి గుచ్చిన ఎరనూ నీతికారులు తరచుగా తలచుకున్నారు. ఆ రెంటినీ మనిషి చేతితో కలిపే దారం మాట మాత్రం అరుదుగా వినబడుతుంది. అయినప్పటికీ గాలం వేసేవాని నేర్పు తుదకు ఆ దారం మీదనే తేలుతుంది. చేప నోట కొక్కెం పడిన క్షణం మొదలు అది ఒడ్డు చేరేవరకు ఇటు మనిషి బలానికీ అటు చేప బలానికీ నడుమ ఉన్నది ఆ సన్నని పోగు ఒక్కటే.

తెగేదాకా లాగరాదన్న లోకోక్తి ఏ త్రాటిని చూచి పుట్టినదో గాని, గాలపు దారానికి అక్షరాలా చెల్లుతుంది. దారాన్ని ఎన్నుకోవడమంటే ఉన్నవాటిలో గట్టిదానిని ఎన్నుకోవడమేనని సామాన్యంగా అనుకుంటారు. అది సగం నిజం. ఎంత లాగుడుకు తెగుతుందో, తెగితే ఎక్కడ తెగుతుందో తెలిసిన దారమే మంచి దారం. చెరువుకో, ఏటికో, జలాశయానికో గాలం పట్టుకొని బయలుదేరేవారు మొదట గ్రహించవలసిన విషయం ఇదే.

గాలం వేయడం పొట్టకూటి పనిగానే గాక వినోదంగా కూడ దక్కనులో చిరకాలంగా ఉన్నది. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధంలో కూర్చిన ‘మానసోల్లాసం’ నూరు అధ్యాయాల గ్రంథం. రాజులకు తగిన వినోదాలను వర్ణిస్తూ అందులో మత్స్యవినోదానికి కూడ స్థానం కల్పించాడాయన. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ 1653లో తన గాలపు గ్రంథాన్ని ప్రకటించేనాటికి అక్కడివారు గుర్రపు తోక వెంట్రుకలను పేని దారంగా వాడేవారు. పిమ్మట పట్టుపురుగు కడుపులోని పట్టుగ్రంథిని సాగదీసి చేసిన తంతువు వాడుకలోకి వచ్చింది. స్పెయిన్‌లోని మూర్సియా ప్రాంతం ఆ పనికి పేరుపొందింది. ఆ తంతువు ఎండితే పెళుసు బారేది. వాడుకకు ముందు నానబెట్టక తప్పేది కాదు. ప్రత్తి, నార దారాలదీ మరొక బాధ. అవి నీరు పీల్చుకొని క్రమంగా కుళ్ళిపోయేవి. ఇంటికి రాగానే వాటిని విప్పి ఆరబెట్టుకోవడం గాలగాని నిత్యకృత్యాలలో ఒకటి.

ఈ శ్రమను తప్పించినది రసాయనశాల. అమెరికాలో డ్యూపాంట్ సంస్థలో పనిచేస్తున్న వాలేస్ కరోథర్స్ 1935లో నైలాన్‌ను సృష్టించాడు. అది 1938లో లోకానికి ప్రకటితమైనది. కాని 1937లోనే కన్నుమూసిన కరోథర్స్ ఆ వైభవాన్ని చూడలేదు. కుళ్ళని, చౌకైన, ఒకే పోగుగా ఎంత పొడవైనా తీయదగిన ఆ పదార్థం గాలపు దారాల చరిత్రనే మార్చివేసింది.

నేడు అంగడిలో ప్రధానంగా మూడు రకాల దారాలు దొరుకుతున్నాయి. మొదటిది ఒకే పోగుగా తీసిన నైలాన్ దారం. దీని గుణాలలో గొప్పది సాగుదల. తెగబోయే ముందు తన పొడవులో అయిదవ వంతుకు పైగా సాగగలదు. చేప హఠాత్తుగా గుంజినప్పుడు ఆ కుదుపును తనలో ఇముడ్చుకుంటుంది. లోపాలూ లేకపోలేదు. కొంత నీటిని పీల్చుకొని తడిసినప్పుడు కొంచెం బలం కోల్పోతుంది. ఎండకు క్రమంగా చివికిపోతుంది. రీలు మీద చాలాకాలం ఉంటే చుట్టలు చుట్టలుగా ముడుచుకుపోతుంది.

రెండవది సన్నని పాలిథిలీన్ నూలుపోగులను జడవలె అల్లిన దారం. దుకాణాలలో దీనిని బ్రెయిడ్ అంటారు. అదే మందం గల నైలాన్‌కంటే దీని బలం ఎన్నో రెట్లు. దాదాపు సాగదు గనుక నీటి అడుగున చేప ఎరను ముట్టినా చేతికి తెలుస్తుంది. కాని ఆ సాగకపోవడమే దోషం కూడ. కుదుపు నేరుగా ముడి మీద, చేప పెదవి మీద, పట్టిన చేతి మీద పడుతుంది. ఇది నీటికంటే తేలిక గనుక పైకి తేలుతుంది. జారుడు స్వభావం కలది గనుక సాదా ముడులు దీనిపై నిలువవు.

మూడవది 1970 దశకం తొలినాళ్ళలో జపానులో గాలపు దారంగా రూపొందిన ఫ్లోరోకార్బన్. నైలాన్ కంటే బరువైనది గనుక త్వరగా మునుగుతుంది, నీటిని పీల్చదు, రాతి ఒరపిడికి ఓర్చుకుంటుంది. కాంతి నీటిలో ఎట్లా వంగుతుందో దీనిలోనూ దాదాపు అట్లాగే వంగుతుంది. అందువల్ల నీటిలో ఇది నైలాన్ కంటే తక్కువగా కనబడుతుందే గాని, కొందరు వర్తకులు చెప్పినట్లు పూర్తిగా అదృశ్యం కాదు. బిరుసుతనమూ, ధరా ఎక్కువ గనుక కొక్కేనికి దగ్గరగా ఉండే కొద్దిపాటి భాగానికే దీనిని వాడడం పరిపాటి.

ఇక ఈ మూడింటిలో ఏది మేలన్న ప్రశ్నకు నీటినీ, చేపనూ, చేతిలోని పనిముట్టునూ చూచి గాని జవాబు చెప్పరాదు. ఆషాఢ శ్రావణాలలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు దారం కనబడుతుందా లేదా అన్న విచారం వ్యర్థం; ప్రవాహానికీ, కొట్టుకువచ్చే చెత్తకూ తట్టుకోగల మందమే ప్రధానం. శీతకాలంలో నీరు తేటపడినప్పుడు దారం ఎంత సన్ననైతే అంత మేలు.

చేపల తత్త్వం మరొకటి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి గండు చేపలకు దవడలలో పండ్లు ఉండవు. అవి దారాన్ని కొరికి తెంచవు. బరువుతో, పరుగుతో అలసట కలిగిస్తాయి. వాటికి సాగే నైలాన్ చక్కని జోడు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటితమైన కొర్రమీను సంగతి వేరు. అది తామరతూళ్ళ మధ్య, నాచు గుబురుల్లో పొంచి ఉంటుంది; కొక్కెం తగలగానే ఆ గుబురులోకే దూరుతుంది. సాగే దారమైతే దానికి ఆ అవకాశం చిక్కుతుంది. రీలూ, బలమైన కర్రా ఉన్నవారు అక్కడ అల్లిన దారం వాడడం ఉచితం. వాలుగ నోటి నిండా సన్నని పండ్ల బారులు ఉంటాయి. ఒరసి ఒరసి సన్నని దారాన్ని త్రెంచివేస్తుంది. దానికి కొక్కెం దగ్గర మందమైన దారం ఉండితీరాలి.

వెదురుకర్రకు చివర దారం కట్టి, జీలుగుబెండు వేసి పరిగెలు పట్టేవారికి రీలు ఉండదు. చేప గుంజినప్పుడు వదలడానికి వారి వద్ద అదనపు దారం లేదు. కర్ర వంగడం, దారం సాగడం, ఈ రెండే వారికి ఆధారం. సాగని దారం బలమైనదే కావచ్చు; కాని వారి పనికి సాదా నైలాన్ అంతగా అక్కరకు రాదు. చేతితోనే దారం లాగేవారికి సన్నని అల్లిక దారం వ్రేళ్ళను కోసే అపాయం కూడ ఉన్నది.

మందం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోదగినది. ఒకే రకం దారంలో మందం రెట్టింపైతే బలం రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లవుతుంది. ఏలయనగా బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 0.20 మిల్లీమీటర్ల దారం నుంచి 0.40 మిల్లీమీటర్ల దారానికి మారినవాడు చూపునకు కొద్దిగానే మారినట్లు భావిస్తాడు. బలంలో మాత్రం ఎంతో దూరం వెళ్ళాడన్నమాట. ఉండ మీద ముద్రించిన పౌండ్ల అంకె ముడిలేని దారానిది. దారంలో పొరపాటున ఒక సాదా ముడి పడితే అక్కడ బలం దాదాపు సగానికి దిగజారవచ్చు. ముడిని పొడిగా బిగిస్తే ఒరపిడి వేడికి దారం దెబ్బతింటుంది గనుక తడిపి బిగించాలి. చివరి బారెడు దారాన్ని వ్రేళ్ళ మధ్య జార్చి చూచి, గరుకు తగిలిన మేరకు కోసివేయాలి. రీలు వాడేవారు దారం బలంలో నాలుగవ వంతుకో, మూడవ వంతుకో జారేటట్లు బిగింపును సవరించుకుంటారు. మిగిలిన బలం అనుకోని కుదుపుకు దాచుకున్న మూలధనం.

ఇంత జాగ్రత్త పడినా దారం తెగే రోజు వస్తుంది. చేప పోయిందే అని గాలగాడు విచారిస్తాడు. అసలు విచారించవలసినది నీటిలో మిగిలినదానిని గురించి. పూర్వపు ప్రత్తి దారం కొంతకాలానికి మట్టిలో కలిసేది. నైలాన్‌కు ఆ సుగుణం లేదు. కుళ్ళకపోవడమే దాని గొప్ప అయినట్లు, కుళ్ళకపోవడమే దాని శాపం. తుమ్మకొమ్మకు చిక్కి వ్రేలాడే దారం కొంగ కాలికి ఉరి అవుతుంది. నీటికాకి రెక్కకు, తాబేటి మెడకు సంకెల అవుతుంది. కొక్కెంతో పారిపోయిన చేప వెంట బారల కొద్దీ దారం ఉంటే అది ఏ తూడుకో చుట్టుకొని చేపను అక్కడే కట్టివేస్తుంది.

అందుచేతనే అనుభవజ్ఞులు కొక్కెం దగ్గరి మూరెడు దారాన్ని పై దారంకంటే కొంచెం తక్కువ బలం కలదానిగా ఎన్నుకుంటారు. రాతికో, మొద్దుకో కొక్కెం తగులుకున్నా, చేప అదుపు తప్పినా తెగేది ఆ మూరెడే. వాలుగ కొరకు ఆ భాగాన్ని మందం చేసినప్పుడు పై దారాన్ని ఇంకా బలమైనదిగా మార్చుకుంటారు. ఈ చిన్న ఏర్పాటుకు అయ్యే ఖర్చు అత్యల్పం. దానివలన నీటిలో మిగిలిపోయేది బారల నుంచి మూరకు తగ్గుతుంది. తీసివేసిన పాత దారాన్ని గట్టు మీద పారవేయక, ముక్కలుగా కత్తిరించి ఇంటికి తెచ్చుకోవడం కూడ ఎన్నికలో భాగమే.

దారం మరీ సన్ననైతే చేపను గంటల తరబడి అలయించి చంపుతుంది, లేదా తెగి గాయంతో వదలుతుంది. మరీ లావైతే చేప ఎర దగ్గరికే రాదు, వచ్చినా ఆట మిగలదు. ఈ రెంటికీ నడుమ తగినదానిని కనుగొనడమే ఈ విద్యలోని వివేకం. తెగేదాకా లాగరాదన్నది గాలం వేసేవాని చేతికి చెప్పిన నీతి. తెగినా ఒకరికి ఉరి కాని దారాన్ని కట్టుకోవాలన్నది, గట్టు మీద కాలు పెట్టకముందే వాని బుద్ధికి చెప్పవలసిన నీతి.