ముల్లు అబద్ధమాడుతోందా?

మే నెల. మిట్టమధ్యాహ్నం. శ్రీశైలంలో దర్శనం ముగించుకుని ఇంటిల్లిపాదీ పాత అంబాసిడర్‌లో మహబూబ్‌నగర్‌కు బయల్దేరారు. డ్యాం దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మెల్లగా 'హెచ్' వైపు జరుగుతోంది. ''జర బండి ఆపు బిడ్డా, ఏదో కాలిన వాసనొస్తుంది'' అంది వెనక సీట్లోంచి అమ్మమ్మ. ''ఆ ముల్లు ఎప్పుడూ గంతే అమ్మమ్మా, దాని మాట నమ్మొద్దు'' అన్నాడు స్టీరింగ్ దగ్గరున్న మనవడు.

ఇద్దరిలో ఎవరిది కరెక్టు?

పాత కారున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. ఆ ముల్లు నిజంగానే అబద్ధం చెబుతుండొచ్చు. కానీ అబద్ధమని ఊహించుకుని ముందుకు పోతే మాత్రం హెడ్ గాస్కెట్ కాలిపోవచ్చు, హెడ్ వంగిపోవచ్చు, చివరికి ఇంజిన్ పట్టేయొచ్చు. కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీని ఆపేసింది 2014లో. ఫియట్ 1100గా వచ్చి ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న కారు అంతకుముందే సెలవు తీసుకుంది. ఉన్నవాటిని కాపాడుకోవడమే ఇప్పుడు చేయగలిగింది. అందుకే ముల్లు మాట నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోవడం తెలిసుండాలి.

ముందు బండి ఆపండి

ప్రయాణంలో ముల్లు 'హెచ్' దగ్గరికొస్తే ఒకటే సూత్రం... అది నిజమే చెబుతోందనుకోవాలి. నీడ చూసి బండి పక్కన పెట్టి, ఇంజిన్ ఆపేసి, బానెట్ ఎత్తాలి. రేడియేటర్ దగ్గర ఆవిరి, బుసబుసమనే చప్పుడు, కూలెంట్ కారుతున్న తడి, తెగిన ఫ్యాన్ బెల్టు... వీటిలో ఏది కనిపించినా తప్పు ముల్లుది కాదు, ఇంజిన్‌దే.

రేడియేటర్ మూత మీద మాత్రం చెయ్యి వేయొద్దు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఆవిరి పోకముందే మూత తీయం కదా, ఇదీ అంతే. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి నిలిపే మూత ఉంటే ఇంకో పది డిగ్రీలకు పైగా వేడెక్కేదాకా మరగవు. అలాంటప్పుడు మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, లోపలి నీళ్లు సలసలా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. అరగంటకు పైగా ఆగి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే మూత తీయాలి. సలసల కాగుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోసినా ప్రమాదమే. ఇనుము పగిలే అవకాశం ఉంది.

అన్నిటికన్నా చెడ్డ అబద్ధం

ముల్లు ఎక్కువ చూపిస్తే గుండె దడ పుడుతుంది, బండి ఆపుతాం. తక్కువ చూపిస్తేనో... నిశ్చింతగా పోతూనే ఉంటాం. అసలు ప్రమాదం అక్కడే. సెన్సర్ కొస నీళ్లలో మునిగి ఉన్నంతసేపే సరైన వేడి చెబుతుంది. గొట్టం పగిలి నీళ్లన్నీ కారిపోయాయనుకోండి, సెన్సర్ గాలిలో ఉండిపోతుంది. లోపల ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది! అందుకే ఘాట్ ఎక్కుతుండగా ముల్లు ఉన్నట్టుండి 'సి' వైపు పడిపోతే సంతోషించాల్సిన పనిలేదు. వెంటనే ఆపి నీళ్లు చూసుకోవాలి.

ముల్లు వెనక ఏముంది?

పాత కార్లలో రెండు రకాల మీటర్లు కనిపిస్తాయి. మొదటిది కరెంటు లేకుండా పనిచేసేది. ఇంజిన్‌లో ఉండే చిన్న బల్బు నుంచి మీటరు దాకా సన్నటి రాగి గొట్టం ఉంటుంది. బల్బులోని ద్రవం వేడికి ఆవిరై ఒత్తిడి పెంచితే ముల్లు కదులుతుంది. గొట్టం నలిగినా, చిట్లినా ముల్లు లేవదు. ఈ గొట్టాన్ని మామూలు వైరనుకుని కత్తిరించొద్దు, లోపల ఉండేది సాధారణంగా మండే గుణమున్న ఈథర్.

రెండోది కరెంటుది. ఇంజిన్‌కు బిగించిన ఇత్తడి సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ పారుతుంది, ముల్లు పైకి లేస్తుంది. అంటే ఈ ముల్లు చూపించేది నేరుగా వేడిని కాదు... వైర్లో పారే కరెంటుని. సెన్సర్, వైరు, ఎర్త్, మీటరు... దారిలో ఎక్కడ తేడా వచ్చినా ముల్లు తప్పు చెబుతుంది.

దొంగ దొరికేదిలా!

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్న పొద్దున్నే మొదలుపెట్టాలి.

తాళం తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. ముల్లు 'సి' దగ్గరే ఉండాలి. చల్లటి ఇంజిన్‌తోనే సగానికో ఆపైకో పోతే తప్పు సెన్సర్‌దో మీటరుదో వైరుదో అన్నమాట. ఇప్పుడు సెన్సర్ మీది వైరు ఊడదీయండి. ముల్లు కిందికి దిగితే సెన్సర్ చెడిపోయింది. దిగకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా మీటరే పాడైంది.

ముల్లు అసలు లేవడం లేదా? ఊడదీసిన ఆ వైరు కొసను ఇంజిన్ ఇనుముకు క్షణకాలం తాకించండి. చాలా కార్లలో ముల్లు 'హెచ్' వైపు లేస్తుంది. కదలడం మొదలవగానే వైరు తీసేయాలి, ఎక్కువసేపు ఉంచితే మీటరు కాలిపోవచ్చు. లేచిందంటే మీటరూ వైరూ బాగున్నట్టే, అనుమానం సెన్సర్ మీదికి పోతుంది.

పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి తప్పు చూపిస్తుంటే రెండు సెన్సర్లూ ఒకే రోజు పాడయ్యాయనుకోవద్దు. చాలా పాత కార్లలో ఈ రెండు మీటర్లకూ సమానంగా కరెంటు పంపే చిన్న డబ్బా ఒకటి డ్యాష్‌బోర్డు వెనక ఉంటుంది. దాన్నే వోల్టేజి స్టెబిలైజర్ అంటారు. అది చెడినా, దాని ఎర్త్ వదులైనా రెండు ముళ్లూ కలిసే దారితప్పుతాయి. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలినా ఎర్త్ తీగల్ని గీకి శుభ్రం చేయించాల్సిందే.

ఇంకో చిన్న సంగతి. నీళ్లు కారకుండా సెన్సర్ మరలకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుడుతుంటారు కొందరు. ఒకే వైరున్న సెన్సర్‌కు ఇంజిన్ ఇనుమే ఎర్త్. ఆ టేపు అడ్డుపడితే ముల్లు తక్కువ చూపిస్తుంది.

ఈ నేల, ఈ నీళ్లు

నల్గొండ నీళ్లంటే గుర్తొచ్చేది ఫ్లోరైడ్. ఆ ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు కూడా వచ్చింది. అయితే కారు దృష్టిలో శత్రువు ఫ్లోరైడ్ కాదు... నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. రెండు జిల్లాల్లోనూ చాలాచోట్ల బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి గార కడుతుంది కదా, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. ఏళ్లతరబడి బోరు నీళ్లే పోస్తే నీళ్లు పారే దారి మూసుకుపోయి ఇంజిన్ నిజంగానే వేడెక్కుతుంది. అదే గార సెన్సర్ కొసకూ పట్టి, వేడి తగలకుండా కంబళిలా అడ్డుపడుతుంది. అంటే ఇంజిన్ వేడి పెరుగుతుంటే ముల్లు దాన్ని ఆలస్యంగా, తక్కువగా చెబుతుంది. ఒకే నీళ్లు... రెండు దెబ్బలు!

మందు తేలికే. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ వాడితే గార కట్టదు, తుప్పూ తగ్గుతుంది. గార పట్టిన సెన్సర్‌ను ఇంజిన్ చల్లారాక విప్పి, కొసను కాసేపు వెనిగర్‌లో ఉంచి తుడిస్తే సరి.

ఎండాకాలం వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను తీసి పక్కన పడేసే అలవాటూ ఉంది. సాధారణంగా 80 డిగ్రీల పైన తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే తలుపు అది. అది లేకపోతే ఇంజిన్ తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుతుంది. ముల్లు కింద పడుకుంటే మీటరు పాడైందనుకుని కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు. మూసుకుపోయిన రేడియేటర్ జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది.

గిన్నెడు వేడినీళ్లతో...

సెన్సర్ నిజాయతీ తేల్చడానికి గిన్నెడు నీళ్లు, థర్మామీటరు, మల్టీమీటరు చాలు. సెన్సర్ కొసను నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెడితే, వేడి పెరిగేకొద్దీ నిరోధం ఒడుదొడుకుల్లేకుండా తగ్గుతూ రావాలి. మధ్యలో ఆగినా, గెంతినా దాన్ని మార్చాలి. థర్మోస్టాట్ తెరుచుకుంటోందో లేదో కూడా అదే గిన్నెలో చూసుకోవచ్చు. అన్నట్టు, మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు అర కిలోమీటరు ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 98 డిగ్రీలు దాటగానే మరుగుతాయి. మరిగే నీళ్లలో థర్మామీటరు 100 చూపలేదని దాన్ని తిట్టుకోవద్దు!

చేత్తో పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక థర్మోస్టాట్ ఉన్న చోట గురిపెడితే అసలు వేడి తెలుస్తుంది. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది కాబట్టి అక్కడ నల్ల టేపు ముక్క అంటించి చూడాలి. బండి ఆరోగ్యంగా ఉన్న రోజునే ఈ పని చేసి, అంత వేడికి ముల్లు ఎక్కడ నిలిచిందో మీటరు అద్దం మీద చిన్న గుర్తు పెట్టుకుంటే మంచిది. అంకెల్లేని మీటరుకు అదే అంకె.

ఆ తర్వాత ఏ ఘాట్ మీదైనా ముల్లు ఆ గుర్తు దాటితే వాదన అక్కర్లేదు. అమ్మమ్మ చెప్పినట్టు... జర బండి ఆపడమే!