ప్రభుత్వం మారితే పాఠమూ మారుతుంది

బంగ్లాదేశ్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించింది ఎవరు? అక్కడి పాఠ్యపుస్తకాల్లో ఈ జవాబు అధికారంలో ఉన్న పార్టీని బట్టి మారుతోంది. అవామీ లీగ్ హయాంలో అది షేక్ ముజిబుర్ రెహమాన్. బీఎన్‌పీ హయాంలో ఆ పార్టీ వ్యవస్థాపకుడు, 1971లో మేజర్‌గా ఉన్న జియావుర్ రెహమాన్.

ముజిబే ప్రకటించారని 2009లో హైకోర్టు తీర్పిచ్చినా వివాదం ఆగలేదు. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం కూలింది. 2025 పుస్తకాల్లో పాఠం మళ్లీ మారింది: 1971 మార్చి 26న జియా స్వాతంత్ర్యం ప్రకటించారని, మర్నాడు ముజిబ్ తరఫున మరోసారి ప్రకటించారని చేర్చారు.

పుస్తకాలను ప్రభుత్వ బోర్డే రూపొందించి దేశమంతా ఉచితంగా పంచుతుంది. అందుకే ఒక్క వాక్యం మారితే ఒక తరం జ్ఞాపకమే మారుతుంది. కొన్నేళ్ల తేడాతో చదివిన అన్నాచెల్లెళ్లు వేర్వేరు చరిత్రలు నేర్చుకుంటారు. ఆధారాలను పోల్చి చూడటం మాత్రం ఇద్దరికీ అలవడదు.