టీకా వేయించినా తట్టు ఎందుకొస్తుంది?

"సూది వేయించాం కదమ్మా, మళ్లీ తట్టెట్లా వచ్చింది?" ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లతో ఉన్న బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లి ముందుగా అడిగేది ఇదే. ఆమెకు తెలియక అడుగుతోందని కొట్టిపారేయడం అన్యాయం. ఆమె చేతిలోని కార్డులో టీకా వేసిన తేదీ ఉంది. సూది పడిందనడానికి అది సాక్ష్యమే. ఒంట్లో రక్షణ పుట్టిందో లేదో మాత్రం కార్డు చెప్పలేదు.

తట్టు టీకాను ఇప్పుడు రుబెల్లాతో కలిపి ఎంఆర్ టీకాగా ఇస్తున్నారు. మన దగ్గర మొదటి డోసు 9 నెలలు నిండాక వేస్తారు. అందులో ఉండేది బలం తగ్గించిన సజీవ వైరస్. అది బిడ్డ ఒంట్లో కొంత పెరిగితేనే రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అయితే కడుపులో ఉన్నప్పుడే తల్లి నుంచి బిడ్డకు చేరిన యాంటీబాడీలు కొందరిలో అప్పటికింకా మిగిలే ఉంటాయి. బిడ్డను కాపాడాల్సిన ఆ యాంటీబాడీలే టీకా వైరస్‌ను ఎదగకముందే పట్టేస్తాయి. అందుకే 9 నెలలకు వేస్తే నూటికి సుమారు 85 మందికే రక్షణ వస్తుంది. ఏడాది దాటాక వేస్తే 95 మంది దాకా వస్తుంది. అమెరికాలో 12 నెలలు దాటేదాకా ఆగడానికి కారణం ఇదే. తట్టు ఇంకా తిరుగుతున్న మన బస్తీల్లో అన్నాళ్లు ఆగితే పసిగుడ్ల ప్రాణాలమీదికి వస్తుంది.

16-24 నెలల మధ్య వేసే రెండో డోసును చాలామంది బూస్టర్ అనుకుని తేలిగ్గా తీసుకుంటారు. నిజానికి అది మొదటిసారి టీకా పట్టని పిల్లలకు దొరికే రెండో అవకాశం. ఎవరికి పట్టిందో, ఎవరికి పట్టలేదో పైకి తెలియదు కాబట్టి అందరికీ వేస్తారు.

ఒక లెక్క వేద్దాం. బస్తీలో వందమంది పిల్లలున్నారు. 90 మందికి ఒక్క డోసు పడింది, పదిమందికి అసలు పడలేదు. ఆ 90 మందిలోనూ పదమూడు, పద్నాలుగు మందికి రక్షణ ఉండదు. తట్టు వస్తే, మంచం పట్టినవాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. "టీకాతో లాభం లేదు" అనే మాట ఇలాంటిచోటే పుడుతుంది. రక్షణ పొందిన 76 మంది ఇంట్లో హాయిగా ఆడుకుంటున్నారు కాబట్టి లెక్కలోకి రారు. తట్టు రోగి వెళ్లిపోయాక కూడా వైరస్ గాలిలో రెండు గంటల దాకా నిలుస్తుంది. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లా జనం భుజం భుజం రాసుకుని నడిచేచోట దానికంతకంటే ఏం కావాలి?

మోండాలో పొద్దున తెచ్చిన పాలకూర మధ్యాహ్నానికి వాడితే కంటికి తెలుస్తుంది. పాడైన టీకా మాత్రం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. అందుకే సీసా మీద ఊదారంగు వలయం, దాని మధ్య తెల్లటి చదరం ముద్రిస్తారు. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. వలయం రంగుకు వచ్చిందంటే ఆ సీసా పారేయాల్సిందే. ఎంఆర్ పొడిని ద్రావకంతో కలిపాక నాలుగు గంటలకు మించి వాడకూడదు. వేడికి అందరూ భయపడతారు, గడ్డకట్టడాన్ని అంతగా పట్టించుకోరు. పెంటావలెంట్, డీపీటీ టీకాలు ఒక్కసారి గడ్డకట్టినా పనికిరావు, ఆ సంగతి చదరం చెప్పదు. ఐస్‌ప్యాక్‌ను ఫ్రీజర్ నుంచి తీయగానే టీకాల డబ్బాలో పెట్టేయకూడదు. అది చెమర్చి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వినిపించాకే పెట్టాలి. ఆ కాసేపు ఓపిక పట్టే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎమ్) ఎందరు పిల్లలను కాపాడుతోందో ఏ రికార్డులోనూ ఉండదు.

నోటి టీకాల కథ వేరు. వాటి యుద్ధం పేగుల్లో. మంచినీళ్లు, మురుగు కలిసే చోట పెరిగే పిల్లల పేగుల్లో ఇతర వైరస్‌లు, పదేపదే వచ్చే వాపు టీకాకు చోటివ్వవు. మూడు పోలియో డోసులు మన పిల్లలకు చాలడం లేదని వేలూరులో వైరాలజిస్టు జాకబ్ జాన్ 1970లలోనే గుర్తించారు. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ మన దేశపు పరీక్షల్లో మొదటి ఏడాది తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సుమారు 56 శాతం అడ్డుకుంది. ఐరోపాలో ఇలాంటి టీకాలు 85 శాతానికి పైగా పనిచేస్తాయి. రోటావైరస్ విరేచనాలు ఇంతగా ఉన్న దేశంలో ఆ 56 శాతమే వేలమందిని బతికిస్తుంది. పోలియో చుక్కలతో ఇంకో చిక్కూ ఉంది. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టుకొచ్చిన టైప్-2 పోలియో వైరస్ కనిపించినప్పుడు, జూన్‌లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు చర్మంలోకి పోలియో సూది వేశారు. చుక్కల్లో టైప్-2ను ఆ ఏప్రిల్‌లోనే తీసేశారు మరి.

కొన్ని టీకాలు పట్టినా, రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ కరిగిపోతుంది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి, జనం నోట కోరంటి దవాఖానాకు, కంఠసర్పితో (డిఫ్తీరియాతో) వచ్చే బడి వయసు పిల్లలు దానికి ఉదాహరణ. చిన్నప్పుడు పెంటావలెంట్ మూడు డోసులు పడినా 16-24 నెలల డీపీటీ బూస్టర్, 5-6 ఏళ్ల డీపీటీ, 10, 16 ఏళ్ల టీడీ తప్పిపోతే రక్షణ పలచబడుతుంది. మార్కెట్లో మూటలు మోసే కుటుంబాలు పండక్కో, పంటకో ఊరెళ్తే సరిగ్గా ఆ డోసులే తప్పిపోతాయి. తప్పిన డోసు కోసం మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆగినచోటి నుంచే వేస్తారు. ఎంఆర్ 5 ఏళ్ల దాకా, డీపీటీ 7 ఏళ్ల దాకా వేయించవచ్చు. కార్డు ఏ ఊరిదైనా, దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి బుధవారమో శనివారమో తీసుకెళ్తే చాలు.